స్వేచ్ఛను బోధించవచ్చునా?

2025 జులైలో ఒడిశాలోని రాయగడ జిల్లా కల్యాణసింగ్‌పూర్ బ్లాకులోని కంజామఝిర అనే ఊళ్ళో ఒక అమ్మాయినీ అబ్బాయినీ కాడికి కట్టారు. వెదురుతోనూ దుంగలతోనూ చేసిన కాడి అది. దాన్ని మోయించి పొలంలో నడిపించారు, కర్రలతో కొట్టారు, ఆ తరవాత గుడికి తీసుకెళ్ళి శుద్ధి చేయించారు. చుట్టూ జనం ఉన్నారు. ఎవరో తీసిన వీడియో దేశమంతా తిరిగింది, పోలీసులు వచ్చారు. ఆ ఇద్దరూ చేసిందల్లా ఇష్టపడి పెళ్ళి చేసుకోవడం. అబ్బాయి ఆ పిల్లకి మేనత్త కొడుకనీ, ఆ వరస అక్కడి ఆచారానికి గిట్టదనీ అప్పటి వార్తలు చెప్పాయి.

తెలుగిళ్ళలో ఈ వార్త విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. మనకి మేనత్త కొడుకంటే బావ. పిల్ల పుట్టిన నాడే ‘ఇది నా కోడలు’ అని మేనత్త చెప్పుకునే వరస. పొలిమేరకి ఇటు పీటల మీద కూర్చోబెట్టే సంబంధానికి అటు కాడి మోయించారు. అయినా ‘మనం తెలివైనవాళ్ళం, వాళ్ళు అడవి మనుషులు’ అనుకునే వీలు మనకి లేదు. ఇష్టం లేదని ఏడుస్తున్న పిల్లని బావకే కట్టబెట్టిన ఇళ్ళు మనలో ఎన్ని లేవు? కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణిగా ఉన్న భార్య పక్కన నడుస్తున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపించారు. కొండ మీదైనా, పల్లంలోనైనా, పట్నంలోనైనా బాధ ఒకటే. ఎవరితో బతకాలో తేల్చుకునే హక్కు బతికే మనిషికి లేదని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మడం.

ఇవాళ నేను మాట్లాడదలచింది ఇదే. మనిషి బతుకు మీద మొదటి హక్కు ఆ మనిషిదే అని నమ్మేవాళ్ళు ఆ నమ్మకాన్ని ఇతరులకి నచ్చచెప్పాలా, అక్కర్లేదా? చెప్పాలంటే ఎలా చెప్పాలి? ఈ కొరాపుట్, రాయగడ కొండల్లో నిలబడి ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు అంత తేలిగ్గా రాదు. స్వేచ్ఛ పేరు చెప్పుకుని ఈ కొండలెక్కినవాళ్ళు ఇదివరకే చాలామంది ఉన్నారు. వాళ్ళు ఏం తెచ్చారో, ఏం పట్టుకుపోయారో ఇక్కడివాళ్ళు మరిచిపోలేదు.

1967 సంవత్సరాన్ని తీసుకుందాం. అప్పటికి కొరాపుట్, రాయగడ ఒకే జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో, మన విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే ఇక్కడి సంతల్లో తెలుగు ఇప్పటికీ వినపడుతుంది. 1967 ఎన్నికల్లో సరిహద్దుకి ఇటుపక్క శ్రీకాకుళం నుంచి ఆచార్య ఎన్.జి. రంగా లోక్‌సభకి గెలిచారు. ఆయన పార్టీ స్వతంత్ర పార్టీ. వ్యక్తి స్వేచ్ఛే సిద్ధాంతంగా పెట్టుకుని మన దేశంలో ఓటర్ల ముందుకు వెళ్ళిన పెద్ద పార్టీ అంటే అదే. ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు తీర్మానం చేస్తే, రైతు కమతాన్ని రైతు చేతిలోంచి తీసుకోవడమే అది అని రంగా ఎదురు తిరిగారు. కాంగ్రెసు నుంచి బయటికి వచ్చారు. ఆ ఏడాదే రాజాజీ, మీనూ మసానీ, కె.ఎం. మున్షీలతో కలిసి కొత్త పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యారు.

రంగా గారికి నచ్చచెప్పడం కొత్త పని కాదు. అంతకు పాతికేళ్ళ ముందే సొంత ఊరు నిడుబ్రోలులో రైతు విద్యాలయం నడిపినవారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, రైతుబిడ్డల్ని కూర్చోబెట్టి శిస్తులేమిటో, జమీందారీ ఏమిటో, ఓటంటే ఏమిటో చెప్పినవారు. ఆయన మాటని కృష్ణా, గుంటూరు రైతులు విన్నారంటే అందులో బలం సిద్ధాంతానిది ఒక్కదానిదే అనుకోను. చెబుతున్నది తమ రంగా, జమీందారుకి ఎదురు నిలిచిన రంగా. అందుకే విన్నారు.

ఒడిశాలో అలా కుదరలేదు. అక్కడ స్వతంత్ర పార్టీ వేళ్ళు గణతంత్ర పరిషత్తులో ఉన్నాయి. ఆ పరిషత్తు మాజీ సంస్థానాధీశుల పార్టీ. 1967లో స్వతంత్ర పార్టీ జన కాంగ్రెసుతో కలిసి ప్రభుత్వం పెట్టినప్పుడు ముఖ్యమంత్రి అయిన రాజేంద్ర నారాయణ్ సింగ్ దేవ్ పాట్నా సంస్థానానికి ఒకప్పటి రాజు. వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, ప్రభుత్వం జోక్యం తగ్గాలి — ఈ మాటల్లో నేను నమ్మేవి చాలా ఉన్నాయి. కాని వెట్టి చేసినవాళ్ళ మనవలకి అవే మాటలు దివాణంలోంచి వినిపిస్తే ఏమనిపిస్తుంది? ఎవరి ఆస్తి, ఎవరి స్వేచ్ఛ అని అడగరా? అడగాలి కూడా. వినేవాడు మాటని తూచే ముందు మనిషిని తూస్తాడు. అది అజ్ఞానం కాదు, అనుభవం.

ఆ ప్రభుత్వమే ఆ ఏడాది ఒక చట్టం చేసింది. ఒరిస్సా మత స్వాతంత్ర్య చట్టం, 1967. బలవంతంగా గాని, ఆశ చూపి గాని, మోసం చేసి గాని ఎవరినీ ఒక మతంలోంచి ఇంకో మతంలోకి మార్చకూడదు. మారిస్తే ఏడాది వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా. దేశంలో మొదటి వరసలో వచ్చిన ఇలాంటి చట్టాల్లో ఇది ఒకటి. మరుసటి ఏడాది మధ్యప్రదేశ్ కూడా చేసింది. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1880ల నుంచే కొరాపుట్, జయపురం ప్రాంతాల్లో పని చేస్తున్నారు కాబట్టి ఈ చట్టం ఇక్కడివాళ్ళకి కాగితం మీది విషయం కాదు. ఎదుటి మనిషికి నచ్చచెప్పడానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్ననే ఈ చట్టం చేతిలోకి తీసుకుంది. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న పార్టీ చేతుల మీదుగా అది రావడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది.

బలవంతం తప్పు. మోసం తప్పు. అందులో నాకు పేచీ లేదు. నేను ఆగిపోయేది తరవాతి మాట దగ్గర. మారిన వ్యక్తి మైనరైతే, స్త్రీ అయితే, షెడ్యూల్డు కులానికో తెగకో చెందితే శిక్ష రెండింతలు. రెండేళ్ళ జైలు, పదివేల జరిమానా. ఒక్కసారి ఆ వరస గమనించండి. చిన్నపిల్లలు, ఆడవాళ్ళు, దళితులు, ఆదివాసులు — అందరూ ఒకే గాటన. వీళ్ళకి ఎవరేం చెప్పినా నమ్మేస్తారు, మంచిచెడ్డలు తేల్చుకోలేరు, కాబట్టి వీళ్ళ తరఫున మనం జాగ్రత్తపడాలి అన్నది ఆ వాక్యం వెనకున్న నమ్మకం. రక్షణ పేరుతో అయినా సరే, నలభై ఏళ్ళ సవర స్త్రీని పదేళ్ళ పిల్లతో సమానం చేసిన వాక్యాన్ని నేను ఒప్పుకోలేను. సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో ఈ చట్టాన్ని సమర్థించింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చింది, కాని ఎదుటివాడిని మార్చే హక్కు ఇవ్వలేదంది. ఆ తేడాలో ఒక నిజం ఉంది. చెప్పడం నా హక్కు, మారడం మారకపోవడం నీ హక్కు. కాని ఆ రెండో హక్కు ఆ స్త్రీకి పూర్తిగా ఉందని నమ్మినవాళ్ళు శిక్షని రెండింతలు చేయరు.

కొందరు తమ మంచిచెడ్డలు తేల్చుకోలేరన్న ఈ ఆలోచన 1967లో పుట్టింది కాదు. వ్యక్తి స్వేచ్ఛ మీద ప్రపంచమంతా చదివే పుస్తకం జాన్ స్టువర్ట్ మిల్ 1859లో ప్రచురించాడు. ఇతరులకి హాని చేయనంత వరకు మనిషిని ఎవరూ అడ్డుకోకూడదన్న సూత్రానికి అంత గట్టి వాదన ఇంకొకటి లేదు. ఆ సూత్రం ఎవరికి వర్తించదో కూడా ఆయనే మొదట్లో రాశాడు. పిల్లలకి వర్తించదు, వెనకబడిన సమాజాలకీ వర్తించదు. వాళ్ళు బాగుపడేదాకా నిరంకుశంగా ఏలడం న్యాయమే అన్నాడు. మిల్ జీవితంలో ముప్పై అయిదేళ్ళు ఈస్టిండియా కంపెనీ కొలువులో, లండన్‌లో మన దేశపు కాగితాలు చూస్తూ గడిచాయి. ఆడవాళ్ళ హక్కుల కోసం ఆ కాలంలో అంత ధైర్యంగా రాసినవాడు లేడు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. కాని మన దగ్గరికి వచ్చేసరికి ఆయన తలుపు వేసేశాడు.

మిల్ కొలువు చేస్తున్న కాలంలోనే కంపెనీ ఈ కొండల్లోకి వచ్చింది. కోదు గిరిజనులు భూదేవికి మనిషిని బలి ఇచ్చే మెరియా ఆచారాన్ని ఆపడానికి 1845లో మెరియా ఏజెన్సీ పెట్టింది. బలికోసం ఉంచిన మనుషుల్ని వందల లెక్కన విడిపించారు. మాట వినని ఊళ్ళని తగలబెట్టారు. ఇక్కడ మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. రాటకి కట్టిన మనిషి ముందు నిలబడి, కట్టినవాళ్ళకి నచ్చచెప్పేదాకా ఆగుదాం అనడం నేరం. ముందు తాళ్ళు కోయాలి. కాని తాళ్ళు కోసినవాళ్ళు అక్కడితో వెళ్ళిపోలేదు. బాటలు వేశారు, ఠాణాలు పెట్టారు, అడవిని రాసుకున్నారు. విడిపించడానికి వచ్చిన చెయ్యి ఏలడానికి ఉండిపోయింది. స్వేచ్ఛ అనే మాట వినగానే కొండవాళ్ళు వెనక్కి తగ్గితే ఆ తగ్గడంలో ఇంత చరిత్ర ఉంది.

1967లోనే, అక్టోబరు 31న, సరిహద్దుకి ఇటు శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకి వెళుతున్నవాళ్ళ మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పటికే చాలా ఏళ్ళుగా వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ళు సవర, జాతాపు గిరిజనుల్లో తిరుగుతూ కూలి గురించి, పోయిన భూముల గురించి, వెట్టి గురించి చెబుతున్నారు. విన్నవాళ్ళు కూలి పెంచమని అడిగారు, వెట్టి మానేశారు. ఆ పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. లేవిడి తరవాత ఉద్యమం తుపాకీ వైపు వెళ్ళింది. 1970 జులైలో ఆ ఇద్దరూ చనిపోయారు. తుపాకీ వచ్చాక రెండు వైపులా ఒకటే జరిగింది. ‘నాకు ఇది ఇష్టం లేదు’ అని చెప్పగలిగే చోటు ఊళ్ళో మిగల్లేదు. కూలి గురించి మాట్లాడుతున్నప్పుడు పంతులు చెప్పిందానికి తల అడ్డంగా ఊపి ఇంటికి పోయి పడుకోవచ్చు. తుపాకీ ఉన్న గదిలో తల ఊపడానికి అర్థం ఉండదు, అది పోలీసు తుపాకీ అయినా, ఇంకెవరిదైనా.

మరి అప్పు సంగతి? దానికి తుపాకీ కూడా అక్కర్లేదు. ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతి కొరాపుట్‌లో ప్రభుత్వోద్యోగిగా పని చేస్తూ 1945లో ‘పరజా’ నవల రాశారు. అప్పు తీర్చలేక సాహుకారు దగ్గర గోతిగా, అంటే అప్పు తీరేదాకా కట్టు పాలేరుగా, మారిపోయే ఒక తండ్రీ కొడుకుల కథ అది. చిన్న అప్పుకి మనిషి ఏళ్ళ తరబడి కుదవపడిపోయే ఆ పద్ధతి కథ కోసం కల్పించింది కాదు. దాన్ని ఆపడానికి ఒడిశా 1948లోనే చట్టం చేయాల్సి వచ్చింది, దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. నా మనసులో మాట చెప్పనివ్వండి. ఈ కొండల్లో సాహుకార్లలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. సంతలో సోలెడు ఉప్పుకి ఎంత చింతపండు తీసుకున్నారో, ఖాతా పుస్తకంలో వేలిముద్ర కింద ఏం రాసుకున్నారో మన ముందు తరాలకి తెలుసు. ఆ పుస్తకం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో స్వేచ్ఛ గురించి చెబితే వినేవాడు తల ఊపుతాడు. ఒప్పుకున్నాడని మనం అనుకుంటాం. అతను భయపడ్డాడు, అంతే.

ఇంత చెప్పాక, ‘అయితే నోరు మూసుకుని కూర్చుందామా, ఎవరి బతుకు వాళ్ళది’ అని మీరు అడగవచ్చు. ఆ మాట నాకు అసలు మింగుడు పడదు. ఎవరి బతుకు వాళ్ళది అన్న ఆచారమే ఉంటే కాడి మోసిన ఆ ఇద్దరికీ ఏ బాధా ఉండేది కాదు. ఊరి స్వేచ్ఛ వేరు, ఊళ్ళో మనిషి స్వేచ్ఛ వేరు. మొదటిదాన్ని గౌరవిస్తున్నామన్న పేరుతో రెండోదాన్ని వదిలేయడం చాలామంది మంచివాళ్ళు చేసే పని.

ఇదే రాయగడ జిల్లాలో ఊరి స్వేచ్ఛ ఎంత గొప్పగా నిలబడిందో దేశమంతా చూసింది. నియమగిరి కొండ మీది బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ముందు ఆ కొండ మీది గ్రామసభల్ని అడగండి అంది. రాయగడలో ఏడు ఊళ్ళు, కలహండిలో అయిదు. జులై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి వచ్చి కూర్చున్నారు. కొన్ని ఊళ్ళలో ఓటర్లు పదుల్లోనే ఉంటారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. స్వేచ్ఛ గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ నెల రోజుల్లో డొంగ్రియా కోదుల ఆడవాళ్ళూ మగవాళ్ళూ మైకు ముందుకి వచ్చి చెప్పింది నాకు ఎక్కువ నేర్పింది. వాళ్ళకి ఎవరూ మిల్‌ని చదివి వినిపించలేదు. ‘మీరేమంటారు’ అని అడిగారు, వాళ్ళు చెప్పిన జవాబుని లెక్కలోకి తీసుకున్నారు. తలుపు తీసి అడిగితే జవాబు లోపల సిద్ధంగానే ఉంది.

ఆ మైకు ముందుకి వచ్చి తవ్వకం వద్దు కంపెనీ వద్దు అని చెప్పిన ఆడపిల్ల, రేపు అదే సభలో ‘నాకు ఫలానా అబ్బాయి కావాలి’ అని చెప్పగలదా? ‘ఆ ముసలమ్మ మంత్రగత్తె కాదు, ఆమెని కొట్టకండి’ అని ఒక కుర్రవాడు ఒంటరిగా లేచి నిలబడగలడా? నియమగిరి గెలుపుని ఎంత ప్రేమిస్తానో అంతగా ఈ ప్రశ్న కూడా నన్ను వదలదు. చేతబడి పేరుతో మనుషుల్ని చంపడం ఆగక ఒడిశా 2013లోనే దాని మీద ప్రత్యేక చట్టం చేసింది. ఆ బాధితుల్లో ఒంటరి ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళని చుట్టుముట్టింది కంపెనీ కాదు, సొంత ఊరు. అందుకే నచ్చచెప్పాలి. ఊరు ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు కూడా ఆ ఒక్క మనిషి తప్పు చేయలేదని చెప్పేవాళ్ళు కావాలి.

ఎలా చెప్పాలన్నదానికి పుస్తకంలో వెతకనక్కర్లేదు, మన గిడుగు రామమూర్తి గారున్నారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన ఆయన చుట్టుపక్కల సవరల్ని చూసి, వీళ్ళకి చదువు చెప్పాలంటే ముందు వీళ్ళ మాట నాకు రావాలి అనుకున్నారు. సవర మాట వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండ ఊళ్ళు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా సవర భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టారు. నేర్పాలనుకున్నవాడు ముందు ఏళ్ళ తరబడి శిష్యుడుగా కూర్చున్నాడు. కంపెనీ దొరల నుంచి ఇవాళ్టి ప్రాజెక్టు ఆఫీసుల దాకా, ఈ కొండలెక్కినవాళ్ళలో ఇలా కూర్చున్నవాళ్ళు చాలా కొద్దిమంది.

అదే గిడుగు తెలుగు పండితుల దగ్గర ఇంకో పద్ధతి పట్టారు. పిల్లలు మాట్లాడే తెలుగులోనే రాయనివ్వండి అని ఆయన వాదన. గ్రాంథికం రాయొద్దని ఎవరినీ అడ్డుకోలేదు. రాయాలనుకున్నవాళ్ళు రాసుకోండి, రాయలేనివాడి నెత్తిన రుద్దకండి అన్నారు. సభలకి పుస్తకాల కట్టలు మోసుకెళ్ళి, గ్రాంథికవాదుల సొంత రచనల్లోంచే పేజీలు తీసి, మీ నియమాలు మీరే పాటించలేకపోతున్నారు చూడండి అని చూపించారు. దశాబ్దాలు పట్టింది. 1940 జనవరిలో ఆయన పోయేనాటికి కూడా పూర్తిగా గెలవలేదు. ఈ ప్రసంగం నేను ఈ భాషలో చదవగలుగుతున్నానంటే అది ఆయన చలవ. ఎవరినీ జైల్లో పెట్టకుండా, ఎవరి కలాన్నీ లాక్కోకుండా ఒక జాతి రాత మారింది.

పార్టీ అధికారం లేకుండా ఆలోచనలు నిలబడతాయా అని మీకు అనుమానం రావచ్చు. ఎం.ఎన్. రాయ్ తన రాడికల్ డెమోక్రటిక్ పార్టీని 1948 డిసెంబరులో తనే రద్దు చేశారు. మనిషిని కేంద్రంగా పెట్టుకున్న ఆలోచనని పార్టీ యంత్రంలో వేసి తిప్పితే చివరికి మనిషే నలిగిపోతాడని ఆయన తేల్చుకున్నారు. మన దగ్గర ఆయన్ని అనుసరించినవాళ్ళలో త్రిపురనేని గోపీచంద్ ఉన్నారు, తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి ఉన్నారు. గోపాలకృష్ణమూర్తి గారు పురోహితుడూ ముహూర్తమూ లేని పెళ్ళిళ్ళు చాలా జరిపించారు. వధూవరులిద్దరూ నలుగురి ముందు తమ నోటితో ఒప్పుకోవడమే ఆ పెళ్ళిలో అసలు తంతు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు అక్కడే కూర్చుని ఇద్దరు సమానులు కలిసి బతకడం గురించి విన్నారు. కొందరు విసుక్కుని లేచిపోయి ఉంటారు. పోనీ, అదీ వాళ్ళ హక్కే. లేచిపోవడానికి దారి ఉన్న చోట చెప్పే మాటకే నేను విలువ ఇస్తాను.

అలా పందిట్లోంచి లేచిపోయిన చుట్టానికి ఏ నష్టమూ లేదు. కంజామఝిరలో ఆ జంటకి లేచిపోయే దారి ఉందా? ఊరు మనసు మారేదాకా వాళ్ళు ఎక్కడుండాలి? నచ్చచెప్పడానికి తరం పడుతుంది, కాడి తేవడానికి ఒక్క పూట చాలు. ఈ మధ్యకాలంలో వాళ్ళని చట్టం కాపాడాలి. చట్టం పని అక్కడే. ఊరి నమ్మకాన్ని చట్టం మార్చలేదు, మార్చబోతే మెరియా ఏజెన్సీ అవుతుంది. ఊరు పట్టుకున్న మనిషిని మాత్రం విడిపించగలదు.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకున్న పెళ్ళిలో ఏ పంచాయతీకీ తలదూర్చే హక్కు లేదని తేల్చింది. ఇలాంటి జంటలకి ప్రతి జిల్లా కేంద్రంలోనూ రక్షణ గృహాలు ఏర్పాటు చేసే సంగతి ఆలోచించమని రాష్ట్ర ప్రభుత్వాలకి చెప్పింది. ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రత్యేక విభాగాలు పెట్టమంది. రాయగడలో, కొరాపుట్‌లో ఆ ఇల్లు ఫలానా వీధిలో ఉంది అని సంతకి వచ్చే ప్రతి పిల్లకీ తెలియాలి. ఆ మాట తెలుగులో, ఒడియాలో చెబితే సరిపోదు. కుయిలో చెప్పాలి, సవరలో చెప్పాలి, దేశియాలో చెప్పాలి. గ్రామసభలో కాగితం చదివి వినిపించాలి, ఆశా కార్యకర్త చెప్పాలి, పంతులు బళ్ళో చెప్పాలి, రేడియోలో సంత రోజు పొద్దున్నే చెప్పాలి. ఆ ఇంటికి వచ్చిన జంటని, మీ ఆచారం తప్పా ఒప్పా అని అడగకుండా, మీరు ఏ మతం అని అడగకుండా, ముందు లోపలికి రానివ్వాలి. ఊరి పెద్దలతో మాట్లాడటం మరునాడు మొదలుపెట్టవచ్చు.